వారానికి 46 యూనిట్లు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు అడిగిన 15 వేలు ఈ రోజు పొద్దున నీ ఖాతాలో వేయించాను. ఆ మాట నోటికి రావడానికి ముందు పది నిమిషాలు నా మోకాళ్ల గురించీ, పెరట్లో మామిడి కాపు గురించీ అడిగావు చూడు, నాకు అప్పుడే అర్థమైంది. అప్పు కోసం వచ్చిన మనిషి ముందుగా ఆరోగ్యం అడుగుతుంది. పన్నెండేళ్లు మహిళా సంఘం పుస్తకాలు రాసినదాన్ని, ఆ ముఖాలు నాకు కొత్త కాదు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫోనులో చెబితే ‘సరే పెద్దమ్మా’ అని ఊరుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద ఉంటే అల్లుడు కూడా చదువుతాడు.

నువ్వు పంపిన కరెంటు బిల్లు ఫోటో చూశాను. 214 యూనిట్లు. బిల్లు ఎక్కువ వచ్చిందని మీరిద్దరూ దెబ్బలాడుకున్నారట కానీ, ఆ 14 దగ్గర ఎవరూ ఆగినట్లు లేదు.

మన తెలంగాణలో కరెంటు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది, అది నీకు తెలిసిందే. 200 దగ్గర మెట్టు మాత్రం బాగా ఎత్తు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ చూడు. 200 దాటని ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున వేస్తారు. మొత్తం 820 రూపాయలు. 201 అయిందా, మొదటి రెండు వందలకూ ధర మారిపోతుంది. ఒక్కొక్కటి 5.10 అవుతుంది, పైన వచ్చిన ఒక్కదానికి 7.70. కూడితే 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలూ అవీ వేరే. అంటే ఆ ఒక్క యూనిట్ 207 రూపాయలు తినేసింది. ఆ డబ్బుతో ఆదివారం పిల్లలకు కోడికూర వండిపెట్టవచ్చు.

దానికి తోడు గృహజ్యోతి ఉంది. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు ఇస్తున్నారు. 200 దాటిన నెల మాత్రం మొదటి యూనిట్ నుంచీ బిల్లు మొత్తం కట్టాలి. మీకు కొత్త కార్డు వచ్చింది కదా, దాన్ని ఆ ఇంటి సర్వీస్ నంబరుతో జత చేయించారా? నీ బిల్లు చూస్తే చేయించారో లేదో తెలియడం లేదు, ఎలాగూ 200 దాటింది కాబట్టి. అద్దె ఇల్లు అని ఊరుకోకు, అద్దెకున్నవాళ్లకూ ఆ పథకం వర్తిస్తుంది. సర్వీస్ నంబరు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని కార్పొరేషన్ ఆఫీసులో ప్రజాపాలన కౌంటరుకు వెళ్లు. అల్లుడు వెళ్తాడని చూస్తూ కూర్చుంటే దసరా వస్తుంది. మీ వాటాకు విడిగా మీటరు ఉండటం మీ అదృష్టం. మీ వీధిలోనే ఎన్ని ఇళ్లలో ఒకే మీటరు మీద రెండు వాటాలు నడుస్తున్నాయో చూడు. ఇంటివాళ్ల యూనిట్లూ అద్దెవాళ్ల యూనిట్లూ కలిసి ఎప్పుడూ రెండు వందలు దాటుతూనే ఉంటాయి. ఇల్లు మారాల్సి వస్తే నీళ్ల సంగతి కంటే ముందు మీటరు సంగతి అడుగు.

ఇప్పుడు అసలు పని. మెట్ల కింద మీ మీటరు డబ్బా ఉంది కదా, అద్దం మీద దుమ్ము పట్టి, మూలన సాలెగూడు అల్లుకుని. తడిగుడ్డ కాకుండా పొడిగుడ్డతో ఆ అద్దం తుడువు. లోపల ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటుంది. అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి, తేదీ, గడియారం, వోల్టేజీ, ఇంకా ఏవేవో. కాస్త ఓపిక పట్టి, పక్కన ‘కేడబ్ల్యూహెచ్’ (kWh, అంటే యూనిట్లు) అని వచ్చినప్పుడు ఉన్న అంకె రాసుకో. పాయింటు తర్వాతివి వదిలెయ్యి. ప్రతి ఆదివారం పొద్దున అదే వేళకు చూసి, వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాయి. బిల్లు తీసే అబ్బాయి వచ్చిన రోజుకు చుట్టూ సున్నా చుట్టు.

ఈ ఆదివారం అంకెలోంచి పోయిన ఆదివారం అంకె తీసేస్తే ఆ వారం కాలిన యూనిట్లు వస్తాయి. వారానికి 50 కాలితే 30 రోజులకు 214 అవుతుంది. సరిగ్గా నీ బిల్లే. వారానికి 46 అయితే 197. మీ ఇంట్లో ఇంత గొడవకూ కారణం వారానికి నాలుగు యూనిట్లు, అంతే. నెలాఖరున బిల్లు చూసి గుండె బాదుకోవడం కంటే, రెండో ఆదివారం క్యాలెండరు చూసి ‘ఈ వారం ఇస్త్రీ బయట ఇద్దాం’ అనుకోవడం సుఖం.

ఆ నాలుగు ఎక్కడ దొరుకుతాయో కూడా చెబుతాను. మీ హాల్లో పాత ఫ్యాను 75 వాట్లది. రోజుకు 15 గంటలు తిరిగితే వారానికి దాదాపు 8 యూనిట్లు. కొత్తగా వస్తున్న, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 28 వాట్ల దాకా తీసుకుంటుంది, వారానికి మూడే. ఆ ఒక్క ఫ్యాను మారిస్తే పని అయిపోయింది. అద్దె ఇంట్లో ఫ్యాను ఎందుకు కొనాలంటావేమో, ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పోవచ్చు, పాతది ఇంటివాళ్లకు మళ్లీ బిగించి ఇవ్వు. గీజరు రెండు కిలోవాట్లది, అరగంట వేస్తే ఒక యూనిట్. ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ ఎండకు ట్యాంకులో నీళ్లు వాటంతట అవే మసులుతుంటే దాని స్విచ్చి వేసే చేతిని ఏమనాలి? కూలరును గది మధ్యలో పెట్టి తలుపులు బిగించుకుంటే ఉక్క పెరుగుతుందే తప్ప చల్లబడదు. కిటికీకి ఆనించి బయటి గాలి పీల్చేలా పెట్టు, ఎదుటి కిటికీ బెత్తెడు తెరిచి ఉంచు.

గ్యాసు గురించి నీకు నేను చెప్పేదేముంది. పప్పు నానబెట్టు, కుక్కరు వాడు, మంట ఎర్రగా వస్తే బర్నరు శుభ్రం చెయ్యి. 500 రూపాయల సిలిండరు పథకంలో ఉన్నా ముందు పూర్తి ధర కట్టాల్సిందే, తేడా తర్వాత ఖాతాలో పడుతుంది. కాబట్టి ఆ పూర్తి ధర ఎప్పుడూ పోపులడబ్బాలో వేరుగా ఉండాలి. ఖాతాలో పడ్డ తేడా తిరిగి ఆ డబ్బాలోకే రావాలి.

అల్లుడు ఏసీ కిస్తీల మీద తెద్దామంటున్నాడని చెప్పావు. బాబు ఒంటినిండా చెమటకాయలని నాకూ తెలుసు, వద్దని అనను. లెక్క మాత్రం చూసుకోండి. ఏసీ మీద నక్షత్రాల కాగితంలో ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటుంది చూడు, అది 1,600 గంటల వాడకానికి వేసినది. మన మే నెల రాత్రులకు ఆ అంకె చాలదు. తక్కువలో తక్కువ రాత్రికి 5 యూనిట్లు అనుకున్నా నెలకు 150. ఇప్పటి 214కు కలిపితే 364, బిల్లు 2,366. దాని మీద కిస్తీ.

కిస్తీ సంగతి విను. దుకాణంలో ‘నూటికి రూపాయే’ అంటారు. 36 వేలకు ఏడాదికి 12 శాతం అంటే 4,320 కలిపి, పన్నెండు భాగాలు చేసి నెలకు 3,360 కట్టమంటారు. మొదటి నెల నుంచే నువ్వు అసలు కూడా తీర్చుకుంటూ వస్తున్నావు కదా, ఆరో నెలకు నీ దగ్గర వాళ్ల డబ్బు సగమే ఉంటుంది. మిత్తి మాత్రం చివరిదాకా మొత్తం 36 వేల మీద వేసుకున్నారు. నిజంగా లెక్క తీస్తే 21 శాతం దాటుతుంది, మన మాటల్లో నూటికి రూపాయి ముప్పావలా పైమాటే. ఇలా చివరిదాకా మొత్తం అసలు మీద వేసే మిత్తినే ఫ్లాటు అంటారు. ‘ఇది ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?’ అని అడుగు. అమ్మే అబ్బాయి నీళ్లు నమిలితే ఫ్లాటే.

నా సలహా ఒకటుంది. ఈ నెల నుంచే కిస్తీ మొత్తం, ఏసీకి అదనంగా వచ్చే కరెంటు డబ్బు కలిపి వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి, ఏసీ వచ్చేసిందనే అనుకుని. ఒక్క నెలా తప్పకుండా వచ్చే మార్చి దాకా వేయగలిగితే చేతిలో డబ్బుతోనే కొనుక్కోవచ్చు. మధ్యలో తప్పితే, ఆ కిస్తీ ఎలాగూ తప్పేదే, జరిమానా కట్టే బాధ తప్పిందనుకోండి.

క్రెడిట్ కార్డు మాట నువ్వు గొంతు తగ్గించి చెప్పావు. ‘కనీస మొత్తం కడుతూనే ఉన్నాం’ అన్నావు. 9 వేల బాకీ మీద నెలకు మూడున్నర శాతమంటే 315. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 57. కనీస మొత్తం 5 శాతం చొప్పున మీరు 450 కడితే అసలులోకి పోయేది 78 రూపాయలు. ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల మిత్తి తీసుకుంటే ముక్కున వేలేసుకుంటాం. ఈ కార్డుకు మూడున్నర ఇస్తూ ‘కడుతూనే ఉన్నాం’ అంటున్నాం. పైగా పాత బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ.

కాబట్టి నా 15 వేలలో ముందు 9 వేలు కార్డుకు కట్టి బాకీ తుడిచెయ్యండి. కరెంటు బిల్లు పోగా మిగిలింది పాప ఫీజులో సగానికి సరిపోతుంది. మిగతా సగం దసరా సెలవులకు ముందు ఇస్తామని బడివాళ్లను అడుగు. ఇస్తారు, అడిగినవాళ్లకు ఇస్తారు. బడి బాకీకి మిత్తి ఉండదు. నువ్వు ఫీజు మొత్తం ముందు కట్టేసి, కార్డు బాకీ అలాగే ఉంచుదామనుకుంటున్నావని నాకు తెలుసు, పదిమందిలో మర్యాద కోసం. అక్కడే నేనూ ఒకప్పుడు బోల్తా పడ్డాను.

మీ అక్క పదో తరగతిలో ఉన్నప్పుడు నా రెండు వరుసల గొలుసు కుదువ పెట్టి 40 వేలు తెచ్చాం, మిరప తోటకు. నూటికి రెండు రూపాయలు. ఏనుమాముల మార్కెట్‌లో పంట అమ్మినప్పుడల్లా కమీషన్ మీద పంట అమ్మిపెట్టే అడ్తిదారు తన అడ్వాన్సు పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేవాడు. ఆ మిగిలిన దానితో ఏటా గొలుసు మీద మిత్తి కట్టి వచ్చేవాళ్లం. అసలు ముట్టుకోలేదు. మూడేళ్లకు 28,800 కట్టాం, 40 వేలు అలాగే ఉన్నాయి. నాలుగో ఏడు విడిపించడానికి వెళ్తే షావుకారు ఒక చిన్న కాగితం కవరు తీశాడు. దారంతో కట్టిన చీటీ మీద మీ పెద్దనాన్న పేరు, తూకం. గొలుసు నల్లబడి నాది కానట్టు ఉంది. అప్పట్లో నేను సంఘం పుస్తకాల్లో రూపాయి తేడా వస్తే అర్ధరాత్రి దాకా కూర్చుని వెతికేదాన్ని. నా ఇంటి బాకీకి మాత్రం పుస్తకమే లేదు. అప్పు ఉందని రాసుకుంటే నిజమైపోతుందని భయమేమో.

అదే రోజుల్లో మా సంఘం వాళ్లను ముల్కనూరు చూడటానికి తీసుకెళ్లారు. 1956లో మొదలైన సహకార సంఘం. రైతుకు అప్పూ ఎరువూ వాళ్లే ఇస్తారు, పంటా వాళ్లే కొంటారు. అక్కడి గోదాము అరుగు మీద కూర్చుని నేను మనసులో మా అడ్తిదారు లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఊరికి తిరిగి వచ్చిన వారమే ఇంటికి ఒక నోటుబుక్కు కొన్నాను.

నువ్వూ ఒకటి కొను. ఎవరికి, ఎంత, ఏ తారీఖు, నూటికి ఎంత. నాలుగు గీతలు చాలు. కిరాణా ఖాతా కూడా అందులోకి రావాలి. వీధిలో సంఘం ఉంటే చేరు, పట్టణాల్లో వాటిని మెప్మా అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. సభకు వెళ్లడం విసుగే, నేను ఒప్పుకుంటాను. కానీ అవసరానికి అప్పు అడగడానికి అక్కడ పది నిమిషాలు మోకాళ్ల గురించి మాట్లాడక్కర్లేదు. ఎక్కువ మిత్తికి అప్పిచ్చి ఇంటికొచ్చి వసూలు చేసే గిరిగిరి వాళ్ల జోలికి మాత్రం వెళ్లకు. ఫోనులో ఐదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌లు కూడా అంతే. అల్లుడు ఇప్పటికే ఏదైనా తీసుకుని ఉంటే దాచొద్దని చెప్పు. వసూలు వాళ్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. బెదిరిస్తే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయవచ్చు. తిట్టను, ఆ మాట కూడా చెప్పు.

నా డబ్బుకు మిత్తి వద్దు. నెలకు 1,500, పది నెలలు, ఐదో తారీఖు. ఒక నెల కుదరకపోతే నాలుగో తారీఖున ఫోను చెయ్యి, ఆరున కాదు. పెద్దమ్మ బాకీ కదా అని చివరికి పెట్టకు, నీ నోటుబుక్కులో మొదటి పేజీ నాకే కావాలి.

ఈ ఆదివారం మీటరు ఫోటో పంపు. మీ తమ్ముడు శనివారం హన్మకొండ వస్తున్నాడు, కారం డబ్బా ఇచ్చి పంపుతున్నాను. ఈసారి కాయ ఘాటుగా ఉంది, కూరలో ఎప్పుడూ వేసేదాంట్లో సగం వెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ