పెరటి పిట్టల్ని గుర్తుపట్టాలంటే ముందు గోరింకను చూడు

చిన్నీ,

పెరట్లోకి వచ్చే పిట్టల పేర్లన్నీ నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టను మావయ్యా అని అడిగావు కదా. బైనాక్యులర్స్ ఇప్పుడే కొనకు. పెరట్లో పిట్ట నీకు చాలా దగ్గర్లోనే వాలుతుంది, కళ్లు చాలు. రోజూ కనిపిస్తున్నాయని నువ్వు పట్టించుకోకుండా వదిలేసేవి ఉన్నాయే, కాకి, గోరింక, పిచ్చుక, పావురం, ముందు వాటిని పట్టుకో. ఈ నాలుగూ క్షుణ్ణంగా తెలిస్తే కొత్త పిట్ట వచ్చినప్పుడు కొలుచుకోవడానికి నీ దగ్గర ఒక కొలత ఉన్నట్టు. 'చిన్న పిట్ట వచ్చింది' అంటే ఏమీ చెప్పినట్టు కాదు. 'పిచ్చుక కన్నా పెద్దది, గోరింకంత లేదు' అన్నావనుకో, సగం పేర్లు అక్కడే కొట్టేయొచ్చు.

గోరింకనే తీసుకో. గోధుమరంగు ఒళ్లు, నల్లటి తల, పసుపు ముక్కు, పసుపు కాళ్లు, కంటి చుట్టూ ఈకల్లేని పసుపు చర్మం. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నువ్వు దాని నడక చూడు. ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తూ, ఇంటి ఓనర్ తనిఖీకి వచ్చినట్టు నడుస్తుంది. పిచ్చుక అలా నడవదు, రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది. గోరింక ఎగరగానే రెక్కల్లో తెల్లటి మచ్చలు పెద్దగా బయటపడతాయి, వాలి రెక్క ముడవగానే చాలావరకు దాక్కుంటాయి. అప్పుడప్పుడు తల మీద ఈకలు ఊడిపోయి పసుపు చర్మం కనిపించే గోరింక ఒకటి వస్తుంది, అదేదో కొత్త జాతని సంబరపడకు.

రంగును నమ్ముకోకు, అది చివర్న చూడాల్సింది. నీడలో, ఎదురెండలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి, పైగా నిజంగానే నల్లగా ఉండేవి కొన్ని ఉన్నాయి. తోక చివర రెండుగా చీలి ఉండి, కరెంటు తీగ మీద కూచుని, పురుగు కోసం గాల్లోకి లేచి మళ్లీ అదే చోటికి వచ్చి వాలితే అది ఏట్రింత, పసుల పోలిగాడు అని కూడా అంటారు. గుబురాకుల్లో నక్కి, లేత ఆకుపచ్చ ముక్కు, ఎర్రటి కన్ను ఉంటే మగ కోకిల. ఎర్రకన్ను ఒక్కటే చూసి తేల్చెయ్యకు, జెముడుకాకికీ ఉంటుంది, కాకపోతే దాని రెక్కలు ఇటుకరంగు, ఎక్కువగా నేల మీదా పొదల్లోనూ నడుస్తూ తిరుగుతుంది. అసలు తికమక పెట్టేది ఆడ కోకిల. అది నల్లగా ఉండదు, గోధుమరంగు మీద తెల్లటి చుక్కలూ చారలూ, చూస్తే డేగేమో అనిపిస్తుంది. కూ అని పాడేది మగదే, ఆడది కిక్ కిక్ కిక్ అని గొంతు చించుకుంటుంది. కాకి వెంటపడి తరుముతోందంటే అనుమానం సగం తీరినట్టే, ఎందుకంటే కాకి గూట్లో గుడ్లు పెట్టి పోయేది ఇదే.

పూల దగ్గర సన్నగా కిందికి వంగిన ముక్కుతో చిన్న పిట్ట కనిపిస్తే తేనెపిట్ట. మగది ఎండలో నీలంగా మెరుస్తుంది, ఆడది పైన మట్టిరంగు, కింద పసుపు. ఈ రెండూ ఒకే జాతంటే మొదట్లో ఎవరూ నమ్మరు. పిగిలిపిట్ట మాత్రం సులువు: నల్లటి తల, నిక్కబొడుచుకున్న జుట్టు, తోక మొదట్లో అడుగున ఎరుపు. వెనక్కి తిరిగి ఎగిరిపోతుంటే నడుము దగ్గర తెలుపు కనిపిస్తుంది, చాలామంది అది గమనించరు.

చెవుల్ని కూడా వాడు. దర్జీపిట్ట పిచ్చుక కన్నా చిన్నది, ఆకుపచ్చ వీపు, పైకెత్తిన తోక, కానీ ఆ అరుపు పెరడంతా వినపడుతుంది, అరిచేది ఎంత పిట్టో తెలిసేలోపు నీ కళ్లు పెద్ద పిట్ట కోసం వెతుకుతుంటాయి. ఫోన్‌లో మెర్లిన్ అని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల ఉచిత యాప్ ఉంది, కూత విని పేరు చెప్తుంది. వాడుకో, తప్పేం లేదు. కాకపోతే యాప్ చెప్పింది కదా అని రాసెయ్యకు, కంటితో చూశాకే పుస్తకంలో రాయి. ఏ టైముకి వచ్చింది, ఎంత ఉంది, ముక్కు ఎలా ఉంది, ఏం చేస్తోంది, ఈ నాలుగు ముక్కలు చాలు. పేరు తర్వాత దొరుకుతుంది. నేనైతే ఫోటో కన్నా పెన్సిల్‌తో గీసిన వంకర బొమ్మే ఎక్కువ నమ్ముతాను, గీయాలంటే చూడక తప్పదు కాబట్టి.

లోతు లేని పళ్లెంలో రెండంగుళాల నీళ్లు పోసి నీడలో పెట్టు, రోజూ కడుగు. పొద్దున్నే కదలకుండా కూచో. గూడు కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్లొద్దు, ఎవరికీ చూపించొద్దు.

ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పిట్టల లెక్క జరుగుతుంది, అమెరికాలో 1998లో మొదలై 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు. కనీసం 15 నిమిషాలు చూసి ఎన్ని కనిపించాయో ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. ఒకే గోరింక నాలుగుసార్లు వచ్చిపోతే నాలుగని రాసెయ్యకు, ఒకేసారి కంటికి కనిపించిన వాటిలో ఎక్కువ ఎన్నో అంతే రాయి. అప్పటిలోగా ఏదైనా అర్థం కాకపోతే నాకు పంపు, ముక్కూ తోకా కనిపించేలా తీసి పంపు, వీపు మాత్రమే ఉన్న ఫోటో పంపితే నేనేం చెప్పను!

మీ మావయ్య