ఒకే సాలలోని పశువుల కడుపులు

ప్రశ్న: సంతలో కొన్న ఆవును మా సాలలో పాత ఆవు, దూడ, మేకల సరసన కట్టాలనుకుంటున్నాము. ఒక పశువు కడుపులోని సూక్ష్మజీవులు పక్క పశువుకు చేరతాయా? చేరితే మేలా, కీడా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా

జవాబు: చేరతాయి. ఏవి చేరాయన్నదాన్ని బట్టి మేలూ ఉంది, కీడూ ఉంది. పుట్టిన దూడ పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. తల్లి నాకడం వల్ల, పేడ అంటిన గడ్డి వల్ల, అందరూ మూతి పెట్టే కుడితి తొట్టి వల్ల అవి కొద్ది రోజుల్లోనే చేరుకుంటాయి. పెద్ద పశువుల లాలాజలం తగలకుండా వేరుగా పెంచిన దూడల్లో మేత అరుగుదలకు తోడ్పడే ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు చాలాకాలం కనిపించవు.

మన జిల్లాల రైతులకు తెలిసిన సుబాబుల్ ఆకే ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని మైమోసిన్ పొట్టలో మరొక విషపదార్థంగా మారి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఎక్కువగా తిన్న పశువులకు వెంట్రుకలు రాలి, బరువు తగ్గుతుంది. ఆస్ట్రేలియా పశువులు ఇలా బాధపడుతుండగా, హవాయి మేకలు అదే ఆకును నిశ్చింతగా తినడం రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించారు. 1980ల్లో ఆ మేకల పొట్టలోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా అవి ఆ విషాన్ని తట్టుకున్నాయి, వాటితో కలిసి మేసిన పశువులకు సైతం ఆ రక్షణ సంక్రమించింది. ఆ బాక్టీరియాకు 1992లో ఆయన పేరు మీదుగానే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. కడుపులో ఎవరుండాలో మేత ఒక్కటే తేల్చదనీ, ఇరుగుపొరుగు పశువులకూ అందులో పాత్ర ఉందనీ దీనివల్ల తెలుస్తుంది. అయినా మీ పశువుల్లో ఆ బాక్టీరియా ఉందన్న ధీమాతో సుబాబుల్‌ను మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

ఇక కీడు సంగతి. ఎలుకలను తరతరాలుగా పెంచి జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. వాటి పేగుల్లోని బాక్టీరియాలో అధిక భాగం తల్లి నుంచి పిల్లలకు వచ్చినవే. పక్క ఎలుకల నుంచి వ్యాపించే రకాల్లో మాత్రం రోగాలు కలిగించేవి ఎక్కువగా కనిపించాయి. మరొకరి మీదికి సులభంగా దూకగల జీవికి ఇప్పుడున్న పశువు ఆరోగ్యంతో అంతగా పని ఉండదు కాబట్టి ఇందులో వింతేమీ లేదని నా అభిప్రాయం.

కాబట్టి కొత్త ఆవును కొన్ని వారాలు విడిగా కట్టి, కుడితి తొట్టి కూడా వేరుగా ఉంచండి. పారుడు గానీ, నోటిలో, గిట్టల మధ్య పుండ్లు గానీ కనిపిస్తే మందలో కలపకుండా పశువైద్యునికి చూపించండి. దూడను మాత్రం తల్లి నుంచి దూరం చేయనక్కర లేదు.