1/72 లిబరేటర్ తోక మీద కూర్చోకుండా ముక్కులో ఎంత బరువు పెట్టాలి?

లిబరేటర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ బాంబర్ విమానం; మీరు కడుతున్నది అసలులో 72వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్. ముక్కులో బరువు పెట్టమని కిట్ కాగితంలో ఉంది కానీ ఎన్ని గ్రాములో లేదని అడిగారు. ఎవరో చెప్పిన గ్రాములు నమ్మకండి. బాడీ ఇంకా అతికించలేదన్నారు కాబట్టి మీరే తేల్చుకోవచ్చు.

మాది హనుమకొండ. నా మొదటి లిబరేటర్‌లో అంచనాగా నాలుగు బేరింగ్ బాల్స్ పడేసి మూసేశాను. రంగులు, డెకాల్స్ (అతికించే గుర్తుల స్టిక్కర్లు) అన్నీ అయ్యాక చక్రాల మీద నిలబెడితే మెల్లగా వెనక్కి వాలి తోక మీద కూర్చుంది. "ఎగరడానికి రెడీగా ఉందే" అని ఇంట్లో నవ్వులు.

రెండోసారి బాడీ, రెక్కలు, ఇంజన్లు, తోక అన్నిటినీ మాస్కింగ్ టేపుతోనే బిగించాను. పెద్ద చక్రాల ఇరుసు వచ్చే చోట రెక్కల కింద అటొక పెన్సిల్, ఇటొక పెన్సిల్ పెట్టాను. ముక్కు మీద, బరువు నిజంగా పెట్టబోయే చోటికి సరిగ్గా పైన, చిన్న కాగితం పొట్లం అతికించి, సైకిల్ షాపులో కొన్న బాల్స్ ఒక్కొక్కటే వేశాను. ముక్కు ఒరగగానే ఆపి, పక్క వీధి అవుసలాయన కాటా మీద తూయించాను. (బంగారం తూచే కాటా మీద సైకిల్ బాల్సా అని ఆయన చూపు!) రంగు, చిన్న ముక్కలు తర్వాత వస్తాయి కదా, అందుకని ఇంకో పావు వంతు కలిపాను. మరీ ఎక్కువైతే ముందు చక్రం కాడ వంగిపోతుంది.

బరువు ఎంత ముందుంటే అంత తక్కువ సరిపోతుంది. చక్రాలకు 3 సెం.మీ. ముందు 60 గ్రాములు చేసే పని, 6 సెం.మీ. ముందు 30 గ్రాములే చేస్తాయి. కానీ లిబరేటర్ ముక్కంతా అద్దాలే, బరువు బయటికి కనిపిస్తుంది. నేను కాక్‌పిట్ ఫ్లోర్ కింద, ముందు చక్రం గదికి రెండు పక్కలా సర్ది, మిగిలింది ఇంజన్ల వెనక, పెద్ద చక్రాల ఇరుసుకు ముందే ఉండేలా దాచాను.

చోటు చాలకపోతే వలలకు కట్టే సీసం గుండ్లు కొనండి. ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.8 గ్రాములైతే సీసం 11.3. అయితే సీసాన్ని చెక్క పనికి వాడే తెల్ల జిగురుతో మాత్రం అతికించకండి. అందులోంచి వచ్చే ఆమ్లానికి సీసం తెల్ల పొడిగా మారి ఉబ్బుతుంది. నా మిగ్-15 జెట్ మోడల్ ముక్కు రెండేళ్లకు అతుకు దగ్గర విచ్చుకుంది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి, తర్వాత చేతులు కడుక్కోండి.

ఒకవేళ మూసేశాక తేడా వస్తే తోక కింద సన్నటి ఊతకర్ర పెట్టండి. సిగ్గుపడక్కర్లేదు, అసలు లిబరేటర్లకే నేల మీద అలా ఊతం పెట్టేవాళ్లు.