అక్వేరియంలో పెంచే సన్ కోరల్ అనే పగడానికి లైటు ఎంత పెట్టినా ఎందుకు ముడుచుకుపోతోంది?

దానికి లైటుతో పనే లేదు. చాలా పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుగుతో ఆహారం తయారుచేసి పెడతాయి. సన్ కోరల్‌లో అవి ఉండవు, మనం తినిపించాల్సిందే.

రాత్రి లైట్లు ఆపాక, గడ్డకట్టించి అమ్మే మైసిస్ రొయ్యలు (రొయ్యల్లాంటి చిన్న జీవులు) కరిగించిన నీళ్లు కాస్త దాని దగ్గర వదలండి. వాసన తగిలితే పసుపుపచ్చని టెంటకిల్స్ మెల్లగా పువ్వులా విచ్చుకుంటాయి. నీరసించిన పగడమైతే కొన్ని రోజులు పట్టొచ్చు, టెన్షన్ పడకండి. విచ్చుకున్నాక పంపు ఆపి, పిప్పెట్‌తో ఒక్కో నోటికీ ఒక్కో రొయ్య అందించండి. వారానికి 2-3 సార్లయినా తప్పదు. చేపలు లాక్కుపోతుంటే, సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా దానిమీద బోర్లించండి.

మిగిలిన తిండి నైట్రేట్ పెంచుతుంది కాబట్టి స్కిమ్మర్ (నీళ్లలోని మలినాల్ని నురగతో తీసేసే పరికరం) వాడటం, నీళ్లు మార్చడం మామూలే. డెండ్రోనెఫ్తియా అనే మరో పగడం జోలికి మాత్రం పోకండి. దానికి సన్నటి ప్లవకాలు (నీళ్లలో తేలాడే సూక్ష్మజీవులు) రోజంతా అందుతూనే ఉండాలి.