అప్పాజీ వేషం కట్టబోయే అబ్బాయికి

చిరంజీవి రవికి, పెదనాన్న ఆశీస్సులు.

కృష్ణదేవరాయల నాటకంలో నీకు మంత్రి తిమ్మరుసు వేషం, అదే అప్పాజీ వేషం, ఇచ్చారని, కిరీటం దక్కలేదని చిన్నబుచ్చుకున్నావని మీ నాన్న చెప్పాడు. నాయనా, ఆ నాటకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాత్ర అదే.

ముందుగా, ఆయన్ని ముసలివాణ్ణి చేయకు. గడ్డం అంటించగానే నడుం వంచి దగ్గడం మనవాళ్లకు అలవాటు. 1515లో కొండవీడు గెలిచాక ఆ సీమ పాలనకు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రిని నిలబెట్టిన మనిషి ఆయన. వెన్ను నిటారుగా ఉండాలి.

దర్బారు సీనులో నీకు మాటలు తక్కువ, పని ఎక్కువ. రాయబారి మాట్లాడుతున్నంతసేపూ రాయల ముఖమే చూడు. ప్రభువుకు కోపం వస్తున్నదని సభకు నీ కళ్లలోనే ముందు తెలియాలి. నీ పద్యంలో రాగం సాగదీయకు. మంత్రి పద్యం ఆలోచన చెప్పినట్టు వినపడాలి.

ఇక పట్టాభిషేకానికి ముందరి చెంపదెబ్బ. రాజయ్యాక ఎవరూ కొట్టలేరు కనుక, శిక్ష నొప్పి తెలియాలని రాయలను తిమ్మరుసు ముందే కొట్టాడని జనం చెప్పుకునే కథ. చాలామంది చేయి పైకెత్తి ఊపి కొడతారు. చప్పట్లు పడతాయి గాని పాత్ర పోతుంది. నువ్వు దగ్గరగా వెళ్లి, కుర్రవాడి ఉత్తరీయం సర్ది, అప్పుడు కొట్టు. కొట్టిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తోచనట్టు ఒక్క క్షణం అలాగే ఉంచు.

అన్న వీరనరసింహరాయలు తన తమ్ముడు కృష్ణరాయల కళ్లు తెమ్మంటే తిమ్మరుసు మేక కళ్లు చూపించి కాపాడాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. యువరాజుకు విషం పెట్టించాడన్న నిందతో ఆ తమ్ముడే చివరికి ఈయన కళ్లు తీయించాడనీ అతడే రాశాడు. ఇది నిజమని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. రంగస్థలం మీద మాత్రం ఆ రెండు జతల కళ్ల మధ్యే నీ పాత్ర అంతా ఉంది. అందుకే మొదటి అంకం నుంచీ కళ్లతో నటించు. అవి పోయాక ప్రేక్షకులకు వాటి లోటు తెలియాలి.

ఆ చివరి సీనులో చేతులు గాలిలో తడమకు. రాయల అడుగుల చప్పుడుకు ముఖం తిప్పకుండా చెవి ఒగ్గు. పద్యానికి వన్స్‌మోర్ అన్నా మళ్లీ పాడకు. హార్మోనియం ఆయనకు ముందే చెప్పి ఉంచు.

చెంపదెబ్బను రాయలు కట్టే అబ్బాయితో రోజూ సాధన చెయ్యి. దెబ్బ దవడ మీద పడాలి, చెవికి తగలకూడదు. శనివారం రిహార్సల్‌కు వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న