హెచ్-1బి వీసా మీద ఉన్నవారు జింకల వేటకు క్రాస్‌బో కొనవచ్చా?

సందేహం: నేను ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నాలుగేళ్లుగా హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నాను. ఆఫీసులోని అమెరికన్ మిత్రుడు ఈసారి సీజన్‌లో తన మేనమామ పొలానికి జింకల వేటకు రమ్మని పిలిచాడు. ‘వీసా మీద ఉన్నావు కాబట్టి నీకు తుపాకీ కుదరదు, క్రాస్‌బో కొనుక్కో, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు’ అంటున్నాడు. ఇది నిజమేనా? ఎలాంటిది కొంటే చట్టానికి లోబడి ఉంటుంది? నా గ్రీన్‌కార్డు దరఖాస్తుకు ఏమైనా ఇబ్బంది వస్తుందా? మా సొంత ఊరు నల్లమల అంచున ఉంది. జింకలు రాత్రిపూట మా నాన్నగారి చేలో పడి మేసేస్తున్నాయి. తర్వాత ఆ క్రాస్‌బోను ఊరికి తీసుకెళ్లవచ్చా? – ఒక పాఠకుడు, కొలంబస్

సమాధానం: క్రాస్‌బో అంటే ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు. దాన్ని కొనడానికి కాగితం అక్కర్లేదన్నంతవరకు మీ మిత్రుడు చెప్పింది నిజమే. వేటాడటానికి మాత్రం కాగితాలు కావాలి. అవి లేకుండా పొలంలోకి అడుగుపెడితే చేతిలో ఉన్నది ఎంత మంచి విల్లయినా మీకు రక్షణ ఇవ్వదు. తుపాకీ విషయంలో ఆయన మాట సగమే సరైనది. మీ వీసాకు అసలు ముప్పు ఆ మిగతా సగంలోనే ఉంది కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

అమెరికా సమాఖ్య చట్టంలో, అంటే 18వ టైటిల్ 921వ సెక్షన్‌లో, ఫైర్‌ఆర్మ్‌కు నిర్వచనం ఉంది. దాని ప్రకారం ఫైర్‌ఆర్మ్ అంటే ప్రధానంగా పేలుడు పదార్థం శక్తితో గుండును బయటికి తోసే ఆయుధం. క్రాస్‌బోలో మందు లేదు, పేలుడు లేదు. వంచిన విల్లు కొమ్మల బిగువు వల్ల బాణం వెళుతుంది. అందుకే అది ఆ నిర్వచనంలోకి రాదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు ఫైర్‌ఆర్మ్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని 922వ సెక్షన్ చెబుతుంది. ఆ నిషేధం క్రాస్‌బోకు వర్తించదు. మీరు దుకాణానికి వెళ్లి డబ్బు చెల్లించి క్రాస్‌బో కొనుక్కోవచ్చు.

ఇక మీరు అడగని ప్రశ్నకు వస్తాను. ఆ పొలంలో మీ మిత్రుడి దగ్గర తుపాకీ ఉంటుంది. మధ్యాహ్నం కాలక్షేపానికి డబ్బాలు వరసగా పెట్టి, ‘నువ్వూ ఒకసారి కాల్చి చూడు’ అని మీ చేతికిస్తారు. స్నేహంతో ఇచ్చిన ఆ తుపాకీని మీరు అందుకున్న క్షణమే చట్టం దృష్టిలో అది మీ ఆధీనంలోకి వచ్చినట్టు. సొంతం కానక్కర్లేదు, కొననక్కర్లేదు. ఈ నేరానికి 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. అయితే మీ మిత్రుడికి తెలియని ఒక మినహాయింపు అదే సెక్షన్‌లో ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు మీ దగ్గర ఉంటే తాత్కాలిక వీసా మీద ఉన్నా ఈ నిషేధం మీకు వర్తించదు. అందుకే క్రాస్‌బో కోసమైనా సరే, పొలానికి వెళ్లే ముందే లైసెన్సు తీసుకోండి, దాని గడువు తీరకుండా చూసుకోండి. మీ శ్రీమతి కూడా వస్తే ఆమె విషయం వేరు. మీ లైసెన్సు ఆమెను కాపాడదు. ఆమె పేరున లైసెన్సు లేకపోతే ఆమె తుపాకీ ముట్టుకోకూడదు.

ఆ మినహాయింపు కూడా వీసా హోదా సక్రమంగా ఉన్నంతవరకే. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెహైఫ్ కేసు చూడండి. విద్యార్థి వీసా మీద వచ్చిన యువకుడిని చదువులో వెనుకబడినందుకు విశ్వవిద్యాలయం తొలగించింది. దాంతో అతని హోదా పోయింది. ఆ తర్వాత అతను షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకీ కాల్చాడు. అదే కేసు అయింది. తాను నిషేధం ఉన్న వర్గంలో ఉన్నానని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది గానీ, నిషేధాన్ని కొట్టివేయలేదు. ఉద్యోగం పోయి, 60 రోజుల గడువు కూడా దాటి, హోదా లేకుండా ఉండిపోయినవారికి వేట లైసెన్సు మినహాయింపు పనికిరాదు. ఈ మధ్య ఉద్యోగాలు ఊడుతున్న తీరు చూస్తూ ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇప్పుడు ఒహాయో చట్టం. ఈ రాష్ట్రం క్రాస్‌బోకు ఎప్పటినుంచో అనుకూలం. ఇక్కడ విలువిద్య సీజన్ సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. క్రాస్‌బో వేటగాళ్లకు ఆ కాలమంతా అందుబాటులో ఉంటుంది. మొదటిసారి లైసెన్సు తీసుకునేవారు వేట భద్రత శిక్షణ పూర్తిచేయాలి. లేదంటే లైసెన్సున్న పెద్దవారి తోడుతో వేటాడేందుకు అప్రెంటిస్ లైసెన్సు తీసుకోవచ్చు. మీలాంటి కొత్తవారికి శిక్షణే మేలని నా అభిప్రాయం. లైసెన్సుతోపాటు జింక కోసం విడిగా పర్మిట్ కూడా కొనాలి. దరఖాస్తుకు ముందు ఆరు నెలలు ఒహాయోలో నివసించి ఉంటే స్థానికుల రుసుము సరిపోతుంది. పౌరసత్వంతో దానికి పనిలేదు. ఈమధ్యే వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు కొన్ని డాలర్లు మిగులుతాయని స్థానికులమని రాయకండి. అది అబద్ధపు ప్రకటన. వీసా మీద ఉన్నవారు అలాంటిది చేతులారా రాసివ్వకూడదు.

విల్లు ఎంపికకు చట్టం పెట్టిన హద్దులు చిన్నవి. క్రాస్‌బో తాడు లాగడానికి కావలసిన బలం 75 పౌన్లకు తగ్గకూడదు. బాణం మొన కనీసం ముప్పావు అంగుళం వెడల్పు ఉండి, దానికి రెండు కోత అంచులు ఉండాలి. విషం పూసినవి, పేలేవి నిషేధం. జింకల వేటకని దుకాణాల్లో అమ్మేవి చాలావరకు 150 నుంచి 200 పౌన్లు, ఆపైన కూడా ఉంటాయి కాబట్టి మొదటి హద్దు దానంతట అదే తీరిపోతుంది. పొరపాటు జరిగేది మొన దగ్గరే. విల్లుతోపాటు పెట్టెలో వచ్చే బాణాలకు సాధారణంగా గురి సాధన కోసం సన్నని మొనలుంటాయి. వాటితో వేటకు వెళితే నేరం. పైగా జింక త్వరగా చావక నరకయాతన పడుతుంది. వేట మొనలు విడిగా కొనండి.

అమ్మేవాడు సెకనుకు 400 అడుగుల వేగమని గొప్పగా చెబుతాడు. దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. నేను న్యాయవాదిని, వేటగాణ్ని కాను. అయినా వేగం కంటే గురి ముఖ్యమని చట్టం చదివి చెబుతున్నాను. ఒహాయో స్మృతి 1533.17 సెక్షన్ ప్రకారం యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇతరుల భూమిలో జింకను కొట్టడమే కాదు, తరమడం కూడా నేరమే. బాణం తగిలిన జింక వెంటనే పడిపోదు, కొంత దూరం పరుగెడుతుంది. సరిగ్గా తగలకపోతే ఇంకా ఎక్కువ దూరం వెళుతుంది, కంచె దాటుతుంది. అక్కడ పక్క రైతు అనుమతి లేకుండా మీరు రక్తపు జాడ పట్టుకుని వెళితే నేరంలోకి అడుగుపెట్టినట్టే. కాబట్టి మీరు సొంతంగా ఎక్కుపెట్టగలిగినది, కదలకుండా గురి చూడగలిగినది తీసుకోండి. దుకాణంలోనే ఎక్కుపెట్టి చూపించమని అడగండి. తాడు లాగే సాయం ఉన్నవి, మర తిప్పి ఎక్కుపెట్టేవి దొరుకుతాయి. దూరాన్ని 30, 40 గజాలకు మించనివ్వకండి. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కితే విల్లు కొమ్మలు విరగవచ్చు. తాడు కదిలే దారి పైకి బొటనవేలు వస్తే ఆ వేలు తెగుతుంది. మీ ఇంటి పెరట్లో సాధన చేయాలనుకుంటే మీ ఊరి పురపాలక నిబంధనలు ముందు చూడండి. కొన్ని శివారు నగరాలు తమ హద్దుల్లో బాణం వదలడాన్ని నియంత్రిస్తాయి. అపార్ట్‌మెంట్ అయితే లీజు కూడా చదవండి.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం రాతపూర్వక అనుమతి. మేనమామ ‘రా అబ్బాయ్’ అంటే సరిపోదు. ఆయన సంతకం, తేదీ, ఏ భూమికో వివరం, మీ పేరు ఉన్న కాగితం మీ జేబులో ఉండాలి. ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో ఒహాయోవాళ్లకు బాగా తెలిసిన ఉదంతం ఒకటుంది. 2023 నవంబరులో క్లింటన్ కౌంటీలో ఒక వేటగాడు క్రాస్‌బోతో, కొమ్ములకు 18 కొనలున్న మగ జింకను కొట్టాడు. రాష్ట్ర చరిత్రలోనే గొప్ప కొమ్ములని పత్రికలు మోత మోగించాయి. తర్వాత దర్యాప్తులో అసలు సంగతి బయటపడింది. ఆ భూమిలో వేటాడటానికి అతనికి రాతపూర్వక అనుమతి లేదు. అనుమతి ఉన్న వేరే చోట కొట్టినట్టు కథ అల్లాడు. చివరికి నేరం ఒప్పుకున్నాడు. ఒక్క ఆ జింక విలువ కిందనే 35,071 డాలర్లు రాష్ట్రానికి చెల్లించాలని తేలింది. జైలు శిక్ష, లైసెన్సు రద్దు దానికి అదనం. ఒక్క సంతకం ఉండి ఉంటే అతని పేరు రికార్డు పుస్తకాల్లో ఉండేది.

కొట్టిన తర్వాత చేయాల్సినవీ ఉన్నాయి. జింక పడినచోటే వివరాలు రాసిన చీటీ దానికి తగిలించాలి. మర్నాడు మధ్యాహ్నం 12 లోపు రాష్ట్రానికి ఫోనులో గానీ ఆన్‌లైన్‌లో గానీ నమోదు చేయాలి. సీజన్ మొత్తంలో కొమ్ములున్న మగ జింక ఒక్కటే, ఎంత పెద్ద పొలమైనా సరే. తుపాకీ సీజన్ జరిగే రోజుల్లో విల్లుతో వెళ్లినా నారింజ రంగు జాకెట్ వేసుకోవాలి. మాంసం మీరు తినవచ్చు, స్నేహితులకు ఇవ్వవచ్చు, అమ్మకూడదు. ప్లేటుకు ఇంత అని డబ్బు తీసుకుని మీ సంఘం విందులో వడ్డించడం కూడా అమ్మకమే. చట్టవిరుద్ధంగా కొట్టిన జంతువును రాష్ట్రం దాటించినా, వేరే రాష్ట్రానికి అమ్మినా 1900 నాటి లేసీ చట్టం కింద అది సమాఖ్య నేరమవుతుంది. రేపు మీరు వేరే రాష్ట్రానికి మారితే ఈ నిబంధనలు మీ వెంట రావు. పెన్సిల్వేనియాలో కనీస బలం 125 పౌన్లు. ఆరెగాన్‌లో క్రాస్‌బోతో వేటే నిషేధం.

గ్రీన్‌కార్డు సంగతి. చట్టబద్ధమైన వేట మీ దరఖాస్తుకు అడ్డం కాదు, దాన్ని దాచాల్సిన పనీ లేదు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, అరెస్టయినప్పుడు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫారాలన్నిటిలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అనే ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేసినా ఆ జవాబు మారదు. అనుమతి లేని వేట మొదటిసారి పట్టుబడితే చిన్న నేరమే కావచ్చు. అయినా దాని వివరాలు ప్రతి ఇంటర్వ్యూలో మోసుకెళ్లాలి. వేట అధికారి పొలంలో ఆపితే మర్యాదగా ఆగండి, లైసెన్సు, పర్మిట్, అనుమతి కాగితం చూపండి. సమన్లు ఇస్తే వారాంతంలో ఆన్‌లైన్‌లో జరిమానా కట్టేసి చేతులు దులుపుకోకండి. జరిమానా కట్టడమంటే చాలాసార్లు నేరం ఒప్పుకున్నట్టే. ముందు ఇమిగ్రేషన్ తెలిసిన న్యాయవాదితో మాట్లాడండి.

ఇక మీ ఊరు. దీనికి నా జవాబు సూటిగా వద్దు అనే. ఒహాయోలో తెల్లతోక జింకను రాష్ట్రమే లైసెన్సు ఇచ్చి వేటాడిస్తుంది. మన దేశంలో అలాంటి సీజన్ లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్ మొదటి, రెండో షెడ్యూళ్లలోని, అంటే రక్షిత జాబితాల్లోని జంతువుల వేటను నిషేధించింది. దుప్పి రెండో షెడ్యూలులో ఉంది, కృష్ణజింక మొదటిదానిలో ఉంది. వేట అంటే చంపడమే కాదు, ఆ ప్రయత్నం కూడా. ఇదే చట్టంలో ‘ఆయుధం’ నిర్వచనంలో విల్లంబులను పేరుపెట్టి చేర్చారు. తుపాకీ కాదు కదా అనే వాదన అక్కడ పనిచేయదు. దుప్పిని చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అభయారణ్యంలో అయినా, కృష్ణజింక అయినా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. మీ ఊరు నల్లమల అంచున అంటే అభయారణ్యం హద్దు ఎంత దూరమో అటవీ శాఖ మ్యాపు చూస్తే గానీ తెలియదు. చీకట్లో చేనుకూ అడవికీ తేడా తెలియదు. నేరానికి వాడిన విల్లు, వాహనం కూడా ప్రభుత్వపరమవుతాయి. సామానులో క్రాస్‌బో పెట్టుకుని విమానం దిగడమే ఒక చిక్కు. ఆయుధాల చట్టం, 1959లో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు, దిగుమతికి 10వ సెక్షన్ విడిగా ఉంది. సెలవు మీద వచ్చినవారు కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఈ వాదన చేసే పరిస్థితి తెచ్చుకోకూడదు.

మీ నాన్నగారి బాధ నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. పంటను పాడుచేస్తున్న రెండో షెడ్యూలు జంతువు విషయంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు లేకుండా రైతు సొంతంగా చేసే ఏ పనికీ రక్షణ లేదు. కంచెకు కరెంటు పెట్టడం అసలే వద్దు. దానివల్ల జింక చనిపోతే వేట కేసు, పొరుగు రైతు చనిపోతే హత్యానేరం దాకా వెళుతుంది. పంట నష్టం జరిగిన మర్నాడే చేలో ఫొటోలు తీయించండి. తేదీ, సర్వే నంబరు, ఎంత మేర నష్టమో రాసి, గ్రామ వ్యవసాయ అధికారితో ధ్రువీకరించి, అటవీ రేంజి అధికారికి దరఖాస్తు ఇప్పించండి. రసీదు తప్పకుండా తీసుకోమనండి. మీరు అక్కడినుంచి ఫోను చేసి చేయించగలిగే పని ఇదే, ఈ వారమే మొదలుపెట్టవచ్చు.