పెల్లెట్ల డబ్బా కొనేముందు

చి. స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

కోచ్ గారేమో ఎయిర్ రైఫిల్‌కి ఖరీదైన మ్యాచ్ పెల్లెట్లే, అంటే పోటీలకని చేసిన సీసం గుళ్లే, వాడమంటున్నారు, క్లబ్బులో పిల్లలేమో చవకవి తెచ్చుకుని కాలుస్తున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగావు. ఇద్దరిదీ తప్పు లేదు. ఆయన రేపటి పోటీల్లో నిన్ను చూసుకుంటున్నారు, వాళ్లు ఈ నెల ఖర్చు చూసుకుంటున్నారు. నువ్వు చూసుకోవాల్సింది వేరే ఉంది: ఇవాళ నీ చెయ్యి ఎంత నిలకడగా ఉంది, ఆ నిలకడకి ఎలాంటి పెల్లెట్ చాలు అని.

ఎంపీసీ పిల్లవి కదా, కాగితం, పెన్ను తీసుకో. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో రింగంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. మన పెల్లెట్ 4.5 మి.మీ. దాని అంచు ఆ చుక్కకి తగిలితే చాలు, పది ఇస్తారు. అంటే పెల్లెట్ నడిమి భాగం టార్గెట్ నడిబొడ్డు నుంచి 2.5 మి.మీ. లోపు పడితే పది. ఇంకో 2.5 దాకా జరిగితే తొమ్మిది, మరో 2.5 అయితే ఎనిమిది. డెసిమల్ స్కోరింగులో పాయింటులో పదో వంతుకి 0.25 మి.మీ. 10.9 కావాలంటే పావు మిల్లీమీటరు లోపు పడాలన్నమాట.

షాటు పక్కకి పోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి నీ చెయ్యి, రెండోది పెల్లెట్. ఈ రెండు తప్పుల్నీ నేరుగా కూడకూడదు, వర్గాలు చేసి కూడి వర్గమూలం తియ్యాలి. నువ్వు పంపిన టార్గెట్ కార్డుల్లో షాట్లు ఎక్కువగా ఏడు, ఎనిమిది రింగుల్లో ఉన్నాయి, అంటే నీ చెయ్యి తప్పు 7 మి.మీ. అనుకుందాం. చవక పెల్లెట్ తప్పు 2 మి.మీ. అనుకో, మొత్తం 7.3 వస్తుంది. ఖరీదైనది కొని పెల్లెట్ తప్పుని 1కి తగ్గించినా 7.1 దగ్గరే ఆగుతుంది. 2.5 మి.మీ.కి ఒక పాయింటు చొప్పున, మ్యాచ్‌లో ఉండే అరవై షాట్ల మీద నీకు మిగిలేది అయిదు పాయింట్లు. సోమవారానికీ మంగళవారానికీ నీ స్కోరు అంతకంటే ఎక్కువే ఊగుతోంది కదా!

అదే నీ చెయ్యి తప్పు 2 మి.మీ.కి దిగిందనుకో. చవక పెల్లెట్‌తో మొత్తం 2.8, మంచిదానితో 2.2. తేడా అరవై షాట్లకి పన్నెండు పాయింట్ల పైమాటే. అరవై షాట్లూ 10.9 కొట్టినా మ్యాచ్ మొత్తం మీద గరిష్ఠం 654 అయిన చోట పన్నెండు పాయింట్లంటే ఫైనల్లో ఉండటానికీ గ్యాలరీలో కూర్చోవడానికీ ఉన్నంత దూరం. కాబట్టి నీ షాట్లు వరసగా తొమ్మిదో రింగు లోపలే పడటం మొదలయ్యేదాకా మధ్యరకం చాలు. ఆ తర్వాత మాత్రం పీనాసితనం పనికిరాదు.

రకాల గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోకు. జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్లకి పైన ఆర్10, మధ్యలో మైస్టర్‌కుగెల్న్, కింద హాబీ ఉన్నాయి. హెచ్ అండ్ ఎన్ వాళ్లకి పైన ఫినాలే మ్యాచ్. చెక్ దేశపు జేఎస్‌బీ, చైనా క్యూవైఎస్ కూడా మ్యాచ్ సరుకే. నీకు ఇప్పటికి మైస్టర్‌కుగెల్న్ తరగతి చాలు. బరువు చూసి తీసుకో: మ్యాచ్ రైఫిళ్లకి సాధారణంగా వాడేది 0.53 గ్రాములది. 0.45 గ్రాములది పిస్టల్ వాళ్లు వాడతారు, కొన్ని స్ప్రింగ్ రైఫిళ్లలో (స్ప్రింగు పిస్టన్‌ని తోసి గాలిని నొక్కేవి) కూడా బాగుంటుంది. కొనేది మాత్రం తల చదునుగా ఉన్నదే కొను. అది కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది. మొనదేలినది కాగితాన్ని చింపుతుంది, రింగుకి తగిలిందో లేదో తేల్చడానికి తగువులు పడాలి.

డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల సైజు కూడా రాసి ఉంటుంది. ఏది గొప్పదని ఎవర్నీ అడక్కు. నీ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో బ్యారెలే చెప్పాలి. రాయనపాడు రైల్వే వర్క్‌షాపులో మైక్రోమీటరుతో బతికినవాణ్ణి, మిల్లీమీటరులో వందో వంతు అంటే నాకు మహా గౌరవం. అయినా ఒకే మోడల్ రైఫిళ్లు రెండు పక్కపక్కన పెట్టినా రెండూ ఒకే సైజు కోరతాయన్న హామీ లేదు.

పరీక్ష ఎలాగంటే, చేత్తో పట్టుకుని కాలిస్తే నీ వణుకే కొలుస్తావు. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, ఇసుక పోసి రెండు వైపులా కుట్టు. టేబుల్ మీద ఆ మూటపై రైఫిల్ ఆనించి కాల్చు. పెల్లెట్ రకం మార్చినప్పుడు మొదటి పదీ ఇరవై షాట్లు లెక్కలోకి తీసుకోకు, బ్యారెల్ కొత్త సీసానికి అలవాటు పడాలి. తర్వాత కార్డుకి పది షాట్ల చొప్పున రకానికి అయిదు కార్డులు కాల్చు. వెర్నియర్ కాలిపర్‌తో రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 4.5 తీసెయ్. అయిదు కార్డుల సగటు చూడు. అందులో అందంగా వచ్చిన కార్డొకటి ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పేవాళ్లుంటారు, ఆ ఒక్క కార్డుతో ఏమీ తేలదు. మూడు షాట్ల గుంపు చూసి మురిసేవాళ్ల మాట అసలు లెక్కలోకే తీసుకోకు.

రెండు రకాల మధ్య తేడా అర మిల్లీమీటరు కూడా లేకపోతే చవకది తీసుకో, మొహమాటం అక్కర్లేదు.

నచ్చిన రకం దొరికాక డబ్బా మీద ఉన్న లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు, రాసుకో. గుంటూరు మిర్చి యార్డులో ఒకే రైతు సరుకైనా టిక్కీ (బస్తా) విప్పి చూసి గానీ ధర కట్టరు కదా, ఇదీ అంతే. పేరు ఒకటే అయినా లాట్ మారితే మళ్లీ పరీక్షే. అందుకే ఒక్కో డబ్బా తెప్పించుకోవడం కంటే నలుగురు పిల్లలు కలిసి ఒకే లాట్‌వి కొనుక్కుంటే మేలు, కొరియర్ ఖర్చూ పంచుకోవచ్చు. ధర పోల్చేటప్పుడు డబ్బా ధర కాదు, షాటు ధర చూడు. ఒకరి డబ్బాలో 500 ఉంటాయి, ఇంకొకరి డబ్బాలో 250 ఉంటాయి, పైకి చూస్తే తెలీదు.

డబ్బా రాగానే ఊపకు, కింద పడెయ్యకు. సీసం మెత్తన. పెల్లెట్ వెనక పల్చటి అంచుంటుంది, స్కర్ట్ అంటారు, అది వంగితే పెల్లెట్ పనికిరాదు. గుప్పెడు పెల్లెట్లు అద్దం మీద దొర్లించు, వంకరవి తెలిసిపోతాయి. వాటిని పారెయ్యకుండా విడిగా ఉంచు, బ్యారెల్‌ని సీసానికి అలవాటు చెయ్యడానికి పనికొస్తాయి. బంగారం తూచే కాటాతో ఒక్కో పెల్లెట్ తూచే పనిలో మాత్రం ఇప్పుడే దిగకు. ఆ గంట రైఫిల్ భుజానికెత్తుకుని నిలబడటానికి వాడుకో. కృష్ణ ఒడ్డు తేమకి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి మూత గట్టిగా పెట్టు. పొడి పట్టినవి కాల్చకు, ఆ పొడి విషం. నూనె రాసి దాచమని ఎవరైనా చెబితే వినకు, స్ప్రింగ్ రైఫిల్లో ఆ నూనె మండి గాలి ఆపే సీళ్లు పాడవుతాయి.

అన్నిటికంటే చవగ్గా దొరికే ఉక్కు బాల్స్ జోలికి అసలు పోకు. బ్యారెల్ లోపలి గాడులు గీసుకుపోతాయి, తిరిగొచ్చి కంటికి తగులుతాయి. అమెరికాలో కొందరు తూటాలు ఇంట్లోనే నింపుకుని ఖర్చు తగ్గించుకుంటారని నువ్వు చూసిన వీడియో సంగతి కూడా చెబుతాను. అది ఫైరార్మ్, అంటే మందుగుండుతో పేలే తుపాకుల వ్యవహారం. మన దేశంలో మందుగుండు తయారీకి లైసెన్సు ఉండాలి, ఆ ఊసు మనకొద్దు.

ఇంకా డబ్బు మిగలాలంటే పెల్లెట్ లేకుండానే ప్రాక్టీస్ చెయ్యి. క్లబ్బులోని మ్యాచ్ రైఫిళ్లకి డ్రై ఫైర్ సదుపాయం ఉంటుంది, రోజూ అరగంట ఖాళీగా ట్రిగ్గర్ నొక్కు. ట్రిగ్గర్ పడేటప్పుడు గురి ఎటు జరుగుతోందో పెల్లెట్ ఉన్నప్పటికంటే బాగా కనబడుతుంది. స్ప్రింగ్ రైఫిల్‌తో మాత్రం ఇది చెయ్యకూడదు, గాలి అడ్డు లేక పిస్టన్ గట్టిగా కొట్టుకుని దెబ్బతింటుంది.

కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా బజ్జీలు తినొద్దు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలుంటే అక్కడే మాన్పించు. టార్గెట్ వెనక పెల్లెట్లు పడే ట్రాప్‌లో పోగైన సీసం పాత సామాన్ల వాడికి వేసెయ్, ఇంట్లో కరిగించే ప్రయత్నం వద్దు.

ముందు మూడు రకాలు ఒక్కో డబ్బా తెప్పించు. ఆ డబ్బు నేనిస్తాను, మీ నాన్న దగ్గర ఆ మాట ఎత్తకు. పరీక్ష కార్డులన్నీ, బాగా రానివి కూడా, మీద రకం పేరూ లాట్ నంబరూ రాసి దాచు. వచ్చే ఆదివారం విజయవాడ వచ్చేటప్పుడు వెంట తే, కాలిపర్ నా దగ్గరుంది.

మీ పెదనాన్న